ఒంట్లో పొద్దు

ఒడిశా రాయగడలో మా ఇంటి పడకగది కిటికీకి మూడు వారాలకోసారి దుప్పటి కట్టేవాళ్లం. మా నాన్న ఫ్యాక్టరీలో షిఫ్టుల మనిషి. ‘ఏ’ షిఫ్టు పొద్దున ఆరుకి, ‘బీ’ షిఫ్టు మధ్యాహ్నం రెండుకి, ‘సీ’ షిఫ్టు రాత్రి పదికి. సీ షిఫ్టు వారమంటే పగలంతా ఇంట్లో గుసగుసలే. కుక్కరు కూత పెడుతుందని అమ్మ గిన్నెలో ఎసరు పెట్టి అన్నం వార్చేది. పక్కింటి ఒడియా పిల్లలు మా వాకిట్లో ఆటకొస్తే సైగలతోనే పంపించేసేది. ఇంత చేసినా నాలుగో రోజుకల్లా నాన్న మొహం మారిపోయేది. కూరలో ఉప్పు తగ్గిందని కంచం తోసేయడం, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకోవడం, ఆయన స్వభావంలో లేనివన్నీ ఆ వారంలోనే కనిపించేవి.

అమ్మకి ఒక సూత్రం ఉండేది. "సీ షిఫ్టు మనిషితో డబ్బు మాటలు మాటాడకూడదే. ‘ఏ’ షిఫ్టు వచ్చేదాకా ఆగు" అనేది. నా కాలేజీ ఫీజు సంగతి ఒకసారి అలా రెండు వారాలు ఆగింది.

నాన్న మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "ఏడింటికి మంచమెక్కి రెండింటికి దిగాను. ఏడు గంటలు! ఇంకెంత పడుకోవాలి?" అనేవాడు. లెక్క సరిగ్గానే ఉంది. పొద్దుటి ‘ఏ’ షిఫ్టు వారంలో కూడా ఆయన రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుని నాలుగున్నరకి లేచేవాడు, అదీ ఏడు గంటలే. ఆ వారంలో హాయిగా ఉండేవాడు. అవే ఏడు గంటలు మధ్యాహ్నంలోకి జరిగితే మనిషి ఎందుకు మారిపోతాడన్నది నాకు చాలా ఏళ్లు అంతుపట్టలేదు.

నిద్ర చాలకపోతే చిరాకొస్తుందని అందరికీ తెలుసు. మనసు బాగోకపోతే నిద్ర పట్టదనీ తెలుసు. ఈ రెంటి మధ్యే తిరుగుతూ ఉంటే ఏది ముందో ఎప్పటికీ తేలదు. మూడోది ఒకటుంది, వేళ. దాన్ని కలిపితే గానీ చిక్కు విడదు. ఎన్ని గంటలు పడుకున్నావని అడిగే వైద్యులు చాలామంది, ఎప్పుడు పడుకున్నావని అడిగేవాళ్లు నాకు తక్కువమందే తగిలారు.

తెలుగులో పొద్దు అంటే సూర్యుడు, వేళ కూడా. పొద్దు పొడుస్తుంది, పొద్దెక్కుతుంది, పొద్దుపోయి ఇంటికొస్తాం. ఏమీ తోచకపోతే పొద్దుపోవడం లేదంటాం. ఎండనీ గడియారాన్నీ మనసునీ ఒక్క మాటకి కట్టేశారు మనవాళ్లు. ప్రయోగశాలల్లో ఈ మూడూ ఒకచోటికి చేరడానికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది.

అత్తిపత్తి నుంచి ఆవగింజ దాకా

1729లో ఫ్రాన్సులో ద మేరాన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి మొక్కని తీసుకెళ్లి చీకట్లో పెట్టాడు. పగలు ఆకులు విచ్చుకోవడం, రాత్రి ముడుచుకోవడం ఎండ వల్లే అయితే చీకట్లో ఆగిపోవాలి కదా. ఆగలేదు. ఎండ కనిపించకపోయినా మొక్క పగటి వేళకి విచ్చుకుంది, రాత్రి వేళకి ముడుచుకుంది. వేళ తెలిసేది బయటి నుంచి కాదు, లోపలి నుంచే అన్న అనుమానం అక్కడ మొదలైంది.

మనుషుల వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి యువకుడు ఆల్ప్స్ పర్వతాల్లో ఒక మంచు గుహలో గడియారం లేకుండా రెండు నెలలున్నాడు. సెప్టెంబరు 14న పైకి రమ్మంటే తన లెక్కలో ఆ రోజు ఆగస్టు 20. మనసు లెక్క అంత దారుణంగా తప్పింది. కానీ అతను పడుకున్న వేళలు, లేచిన వేళలు పైనున్నవాళ్లు రాసుకుని చూస్తే, ఒళ్లు మాత్రం ఇంచుమించు రోజుకొక్కసారి చొప్పున పడుకుని లేస్తూనే ఉంది. మన దేశంలో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ ఏళ్ల తరబడి గుహల్లోని గబ్బిలాల మీద ఇలాంటి పనే చేశారు.

ఈ లోపలి గడియారం ఎక్కడుందంటే, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటుకి కాస్త పైన, మెదడు అడుగున. ఆవగింజంత కూడా లేని రెండు కణాల గుంపులు, అన్నీ కలిపి 20,000 నాడీకణాలు. ప్రతి కణంలోనూ ఒక జన్యువు ఒక ప్రోటీన్‌ని తయారుచేయిస్తుంది. అది పేరుకున్నాక తనని పుట్టించిన జన్యువునే ఆపేస్తుంది. మెల్లగా కరిగిపోయాక జన్యువు మళ్లీ పని మొదలెడుతుంది. నూతిలో నీళ్లు ఊరి, నిండాక ఊట నిలిచిపోయి, తోడేశాక మళ్లీ ఊరినట్టు. ఒక్క చుట్టు తిరగడానికి ఇంచుమించు ఒక రోజు. 1971లో కొనోప్కా, బెంజర్ అనే ఇద్దరు అమెరికన్లు పండ్ల ఈగల్లో ఈ జన్యువు ఆచూకీ పట్టారు. దాని పనితీరు విడమరిచిన హాల్, రోస్బాష్, యంగ్‌లకి 2017లో నోబెల్ వచ్చింది.

ఇందులో ఒక తిరకాసుంది. చాలామందిలో ఈ గడియారం సరిగ్గా 24 గంటలకి తిరగదు. 1999లో హార్వర్డ్‌లో చార్లెస్ సైస్లర్ బృందం కొలిస్తే సగటున 24 గంటల 11 నిమిషాలని తేలింది. అంటే వదిలేస్తే ఒళ్లు రోజూ కొంచెం ఆలస్యం వైపు జారుతుంది. దాన్ని పొద్దున పొద్దున లాగి సరిచేసేది వెలుగు. కంటి వెనుక పొరలో బొమ్మ చూపించే కణాలు కాక, వెలుగెంతుందో కొలిచి చెప్పడమే పనిగా ఉన్న కణాలు వేరే ఉన్నాయని 2002లో బయటపడింది. నీలం వెలుగు వీటికి బాగా తగులుతుంది. చూపు పోయినా ఈ కణాలు మిగిలిన వాళ్లలో గడియారం సూర్యుడితో కలిసే నడుస్తుంది.

పొద్దుటి వెలుగు గడియారాన్ని ముందుకి, అంటే తొందర వైపు లాగుతుంది, రాత్రి వెలుగు వెనక్కి, అంటే ఆలస్యం వైపు నెడుతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే మిగతాదంతా అందులోంచే వస్తుంది.

ఇక్కడ వెలుగు లెక్క కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే కన్ను మనల్ని మోసం చేస్తుంది. ట్యూబులైటు గదిలో వెలుగు రెండు మూడు వందల లక్స్ (వెలుగుకి కొలత) ఉంటే గొప్ప. బయట మబ్బు పట్టినా వేలల్లో ఉంటుంది. నడి ఎండలో లక్ష. పొద్దున్నే వరండాలో నిలబడటానికీ గదిలో లైటేసుకోవడానికీ మనకి పెద్ద తేడా అనిపించదు గానీ మెదడు అడుగున ఉన్న ఆ గింజకి అది పట్టపగలుకీ సాయంత్రానికీ ఉన్నంత తేడా. రాత్రి విషయంలో మోసం తిరగబడుతుంది: మామూలు గది లైటు కూడా మెలటోనిన్ అనే చీకటి హార్మోన్ ఊరడాన్ని వెనక్కి తోయగలదు.

జయపురం గడియారం

మన ప్రాంతానికి సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పాలి. దేశమంతటికీ గడియారం పెట్టే గీత, 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, కొరాపుట్ జిల్లా మీదుగా పోతుంది. జయపురం దాదాపు ఆ గీత మీదే ఉంది. కాబట్టి గోడ గడియారంలో పన్నెండూ నడినెత్తి మీద పొద్దూ అక్కడ ఇంచుమించు కలుస్తాయి. ఏడాదిలో కొన్ని నెలలు పదిహేను నిమిషాలు అటూ ఇటూ జరుగుతుంది, అది భూమి కక్ష్య, అక్షం వాలు వల్ల వచ్చే తేడా, దేశమంతటా ఒకేలా ఉంటుంది. బరంపురంలో పొద్దు జయపురం కంటే తొమ్మిది నిమిషాలు ముందు. అదే మహారాష్ట్ర వైపు తెలుగువాళ్లుండే సిరొంచలో పది నిమిషాలు వెనక, నాందేడ్ జిల్లా ధర్మాబాదులో దాదాపు పందొమ్మిది నిమిషాలు వెనక. బరంపురం మేనత్తా, ధర్మాబాదు మేనకోడలూ ఒకే టైముకి అలారం పెట్టుకుంటే మేనకోడలు సూర్యుడి లెక్కలో అరగంటకి కాస్త తక్కువ ముందు లేస్తున్నట్టు.

ఇది చాదస్తపు లెక్క కాదు. జర్మనీ కూడా అంతటా ఒకే టైము వాడే దేశం. అక్కడ 2007లో టిల్ రొన్నెబర్గ్ బృందం వేలమంది నిద్ర వేళలు చూస్తే, తూర్పు నుంచి పడమరకి ఒక్కో డిగ్రీ జరిగేకొద్దీ జనం నాలుగు నిమిషాల చొప్పున ఆలస్యంగా నిద్రపోతున్నారు. సూర్యుడికి ఒక డిగ్రీ దాటడానికి పట్టేదీ నాలుగు నిమిషాలే. ఒళ్లు గోడ గడియారాన్ని కాదు, పొద్దునే చూసుకుంటోందన్నమాట. పెద్ద నగరాల్లో మాత్రం ఈ లింకు సడలిపోయింది, అక్కడ రాత్రికి రాత్రిలా చీకటి ఉండదు కనుక. మన దేశంలో మౌలిక్ జగనాని అనే ఆర్థికవేత్త ఇదే కోణంలో పిల్లల నిద్ర చూశాడు. పొద్దు గుంకడం గంట ఆలస్యమైతే పిల్లలకి అరగంట నిద్ర తగ్గుతోందని తేలింది. పడుకోవడం ఆలస్యమవుతుంది, బడి గంట మాత్రం ఆలస్యం కాదు. అస్సాం తేయాకు తోటల్లో గడియారాన్ని గంట ముందుకి పెట్టుకుని ‘బాగాన్ టైము’ అని వాడటం వెనకా ఈ పొద్దే ఉంది.

బాకీ ఉంది, కొట్టు మూసి ఉంది

ఇక నాన్న ఏడు గంటల లెక్కకి వద్దాం. 1982లో స్విట్జర్లాండులో అలెగ్జాండర్ బోర్బెలీ నిద్రని రెండు శక్తుల ఆటగా వివరించాడు. ఒకటి బాకీ. మేలుకున్న ప్రతి గంటకీ నిద్ర బాకీ పెరుగుతుంది, పడుకుంటే తీరుతుంది. మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకోవడం ఈ బాకీకి ఒక గుర్తు. కాఫీ, టీ బాకీ తీర్చవు, చీటీ కనబడకుండా మూసిపెడతాయి, అంతే. రెండోది గడియారం. ఎంత బాకీ ఉందో దానికి అనవసరం. పగలు మేలుకో అంటుంది, రాత్రి పడుకో అంటుంది.

మామూలు రోజుల్లో ఈ రెండూ జంటెడ్లలా లాగుతాయి. సాయంత్రానికి బాకీ బాగా పెరుగుతుంది, కానీ సరిగ్గా అప్పుడే గడియారం గట్టిగా మేలుకో అంటుంది కాబట్టి మనం తూగకుండా రాత్రి తొమ్మిది దాకా లాక్కొస్తాం. తర్వాత గడియారం తన పట్టు వదులుతుంది, ఒంట్లో వేడి తగ్గుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. తెల్లవారుజాముకి బాకీ చాలావరకు తీరిపోయినా, వేడి అడుగంటే ఆ సమయంలో గడియారం పడుకోబెట్టి ఉంచుతుంది.

నైటు చేసి వచ్చిన మనిషికి ఈ ఎడ్లు చెరోవైపు లాగుతాయి. పొద్దున ఏడింటికి బాకీ కొండంత ఉంది, అందుకే పడుకోగానే నిద్ర పడుతుంది. మూడు నాలుగు గంటలకి సగం బాకీ తీరేసరికి ఒంట్లో వేడి ఎక్కుతూ ఉంటుంది, గడియారం లేవమంటుంది. షావుకారుకి బాకీ కట్టడానికి సొమ్ము పట్టుకెళితే కొట్టు మూసి ఉన్నట్టు. మంచం మీదున్నది ఏడు గంటలు కావచ్చు, నిద్ర అయిదు గంటలు దాటి ఉండదు. అదీ పదిసార్లు తెగిన నిద్ర. మా కుక్కరు కూత దోషం ఇందులో చాలా తక్కువని ఇప్పుడు తెలిసి నవ్వొస్తుంది.

అలవాటైపోతుంది కదా అంటారు. ఎక్కువమందికి కాదు. గడియారం రోజుకి గంట చొప్పున జరుగుతుందనుకున్నా రాత్రీ పగలూ తారుమారు కావడానికి వారం పైనే పట్టాలి. ఈలోపు రోజూ పొద్దున ఆరున్నరకి స్కూటరు మీద ఇంటికొస్తుంటే ఎదురుగా సూర్యుడు. అది ఆ రాత్రంతా జరిగిన కాస్తనీ మళ్లీ పగటివైపు లాగేస్తుంది. వారం తిరిగేసరికి షిఫ్టే మారిపోతుంది.

పిడకల వేటలా ఒక మాట. ఎండాకాలంలో ఇక్కడ మధ్యాహ్నం పఖాళ తిని కునుకు తీయని ఇల్లుండదు. మా వైపు చద్దన్నానికి అన్నదమ్ముడి లాంటిది. ఆ మత్తంతా పఖాళదేనని అందరూ అంటారు. నిజానికి తినకపోయినా మధ్యాహ్నం రెండు మూడు మధ్య ఒళ్లు మందగిస్తుంది, అది గడియారంలోనే ఉన్న చిన్న పల్లం. పఖాళ దాన్ని ఇంకాస్త జారుడు చేస్తుంది, అంతవరకే.

మనసుకి రెండు ముళ్లు

అసలు చిక్కు ఇక్కడుంది. నిద్ర తగ్గింది కాబట్టి నాన్నకి చిరాకు అంటే కథ సగమే. 1997లో డయాన్ బోవా, హార్వర్డ్ సహచరులు ఆరోగ్యంగా ఉన్న యువతని ప్రయోగశాలలో 28 గంటల, 30 గంటల ‘రోజుల్లో’ ఉంచారు. అంత పొడుగు రోజుని లోపలి గడియారం అందుకోలేదు, దాని దారిన అది 24 గంటలకే తిరుగుతుంటుంది. అలా, మేలుకుని ఎంతసేపైందన్నదీ లోపల వేళ ఎంతైందన్నదీ విడదీయడానికి వీలైంది. తేలిందేమంటే మనసు ఈ రెండింటి మీదా ఒకేసారి ఆధారపడుతుంది. లోపలి గడియారంలో కొన్ని వేళల్లో ఎక్కువసేపు మేలుకుని ఉన్నా మనసు నిలకడగానే ఉంటుంది. అదే మేలుకుని ఉన్న సమయం ఇంకొన్ని వేళల్లో మనసుని పాతాళానికి దింపుతుంది. ఒంట్లో వేడి బాగా తగ్గి ఉండే తెల్లవారుజాము చుట్టుపక్కలే అలాంటి వేళలుంటాయి.

మూడింటికి మెలకువ వచ్చినవాళ్లెవరికైనా ఇది అనుభవమే. పగలు నవ్వుకుని వదిలేసిన మాట ఆ చీకట్లో శూలమవుతుంది. చిన్న అప్పు ఇల్లు మింగేసేలా కనిపిస్తుంది. ఆ వేళ మెదడు లెక్క ఆ వేళది. దాన్ని పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. అమ్మ చదివింది ఆరో తరగతి. డబ్బు మాటలకి ఆమె పెట్టిన ఆంక్ష మాత్రం బోవా లెక్కకి అంగుళం తేడా రాదు.

కుంగుబాటు జబ్బులో ఈ గడియారం ఆనవాళ్లు ఇంకా స్పష్టంగా ఉంటాయి. దాని ఒక రూపంలో మనిషికి మూడున్నర నాలుగుకే మెలకువొస్తుంది, పొద్దున లోకం బరువుగా ఉంటుంది, సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది. అందరికీ ఇలా ఉండదు. కొందరు రోజుకి పన్నెండు గంటలు పడుకుని కూడా అలిసిపోయే ఉంటారు. ఇంకా వింత, 1971లో జర్మన్ వైద్యులు ఫ్లూగ్, టొలె రాసిన సంగతి. కుంగుబాటు ఉన్నవాళ్లని ఒక రాత్రంతా మేలుకుని ఉంచితే వారిలో దాదాపు సగంమందికి పొద్దుటికి మనసు తేటపడింది. మళ్లీ పడుకుని లేవగానే చాలామందికి పాత బరువు తిరిగొచ్చింది. నిద్ర తక్కువైతే మనసు చెడుతుంది అన్న తిన్నటి సూత్రమే పూర్తి నిజమైతే ఇది జరగకూడదు. ఇది ఇంట్లో చేసి చూసే పని కాదని కూడా చెప్పాలి. మనసు ఒకసారి పొంగి ఒకసారి కుంగే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకి ఒక్క రాత్రి నిద్ర లేకపోవడమే ఉన్మాదపు పొంగుకి నిప్పంటించవచ్చు. మా బంధువుల్లో ఒకాయనకి మూడు రాత్రుల పెళ్లిపనుల తర్వాతే అలా మొదలైంది. దిష్టి అనుకున్నాం.

అయితే వేళ చెడితే మనసు చెడుతుందా, మనసు చెడినవాళ్లే రాత్రుళ్లు మేలుకుంటారా? 2021లో ఎనిమిది లక్షల నలభై వేలమంది జన్యు వివరాలతో ఈ ముడి విప్పడానికి ప్రయత్నించారు. పుట్టుకతోనే తొందరగా పడుకునే జన్యువులున్నవాళ్లని చూస్తే, నిద్ర నడిమి వేళ (పడుకున్న వేళకీ లేచిన వేళకీ సరిగ్గా మధ్య) ఒక గంట ముందున్నకొద్దీ కుంగుబాటు ముప్పు 23 శాతం తక్కువ. మనసు బాగోలేనంత మాత్రాన జన్యువులు మారవు కాబట్టి బాణం వేళ నుంచి మనసు వైపే ఉందని ఈ పద్ధతి వాదన. నాకు ఇందులో ఒక అనుమానం ఉంది. వాళ్లంతా యూరప్ మూలాలవాళ్లు. పైగా లోకమంతా పొద్దున్నే లేచేవాళ్ల టైముకి నడుస్తుంటే రాత్రి పక్షికి దక్కే కుంగుబాటులో జన్యువు వాటా ఎంత, ఆఫీసు వాటా ఎంత? 2023లో ఎనభై ఆరు వేలమంది బ్రిటన్‌వాసుల చేతికి వెలుగు కొలిచే పట్టీలు కట్టి చూసిన పరిశోధన నాకు ఎక్కువ నచ్చింది. రాత్రి ఎక్కువ వెలుగులో ఉన్నవాళ్లలో కుంగుబాటు ఎక్కువ, పగలు ఎక్కువ వెలుగులో ఉన్నవాళ్లలో తక్కువ. ఇదీ సంబంధమే చూపుతుంది గానీ కారణాన్ని రుజువు చేయదు. కానీ ఇది మన చేతిలో ఉన్న విషయం గురించి.

ఆఫీసు మాట వచ్చింది కాబట్టి బడి మాట కూడా. ఒడిశాలో ఎండలు ముదరగానే ‘మార్నింగ్ స్కూల్’ పెడతారు, పొద్దున ఆరున్నరకే. ఎండ దెబ్బ నుంచి తప్పించడానికి అది అవసరమే. చిన్నపిల్లలు తట్టుకుంటారు కూడా. పదహారు, పద్దెనిమిదేళ్ల పిల్లల సంగతి వేరు. ఆ వయసులో లోపలి గడియారం ఆలస్యం వైపు జరిగి ఇరవై ఏళ్ల దగ్గర అన్నిటికన్నా ఆలస్యంగా నడుస్తుంది. పన్నెండింటిదాకా నిద్ర రాదు, అయిదున్నరకి లేపితే శవంలా ఉంటారు. బద్ధకం అని తిడతాం. ఆదివారం పదింటిదాకా పడుకుని బాకీ తీర్చుకుంటారు. ఆ పని గడియారాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది, సోమవారం మరీ ఘోరం. రొన్నెబర్గ్ దీనికి పెట్టిన పేరు ‘సోషల్ జెట్‌లాగ్’. విమానం ఎక్కకుండానే ప్రతి వారాంతం విదేశం వెళ్లొచ్చినట్టు.

చేయగలిగిందేమిటంటే, పగటి ఉద్యోగం వాళ్లకి పెద్దగా ఏమీ లేదు. లేచిన గంటలోపు అరగంట ఆరుబయట ఉండటం, లేచే వేళని సెలవు రోజున కూడా మరీ జరగనివ్వకపోవడం. కార్తీకంలో వేకువ స్నానానికి నాగావళికి వెళ్లొచ్చే ముసలమ్మలకి ఈ సలహా ఇవ్వబోతే నవ్వుతారు. నైటు షిఫ్టువాళ్లకి కష్టం ఎక్కువ, ఉపాయాలూ ఎక్కువ. టీ తాగితే షిఫ్టు మొదటి సగంలోనే తాగాలి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే అయిదు గంటలు పడుతుంది, కాబట్టి నాలుగింటి టీ ఏడింటి నిద్రని తింటుంది. ఇంటికొచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు మేలు చేస్తాయి, తూగుతూ బండి నడిపేవాళ్లకి మాత్రం అవి ప్రమాదం. కిటికీ దుప్పటి మంచిదే. మెలటోనిన్ మాత్ర ఏ వేళకి వేసుకున్నారన్నదాన్ని బట్టి గడియారాన్ని ముందుకీ జరపగలదు, వెనక్కీ జరపగలదు, అందుకే దుకాణంలో కొనుక్కుని మింగే సరుకు కాదది. రెండు వారాలు దాటి మనసూ నిద్రా రెండూ చెడి ఉంటే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలి మానస్ 14416కి చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

అన్నిటికన్నా పెద్ద మందు కార్మికుడి చేతిలో లేదు, రోటా, అంటే షిఫ్టుల వరస, రాసేవాడి చేతిలో ఉంది. గడియారానికి ఆలస్యం వైపు జారడం సులువు కాబట్టి షిఫ్టులు కూడా ఆలస్యం వైపే, అంటే రోజు నడిచే వరసలో ముందుకే తిరగాలి: పొద్దున నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి. వెనక్కి తిరిగితే ప్రతి మార్పుకీ ఒంటిని ఎదురు లాగినట్టే.

నాన్న రిటైరయ్యాక ఒక సాయంత్రం వరండాలో కూర్చుని ఇది చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు.

"ఏ అయ్యాక సీ. సీ అయ్యాక బీ. బీ అయ్యాక మళ్లీ ఏ." ఆగాడు. "అంటే మాది వెనక్కే కదే."

ముప్పై ఒక్క ఏళ్లు.

"ఇప్పుడా లెక్కలెందుకండీ, టీ చల్లారిపోతోంది" అంది అమ్మ లోపల్నుంచి. నాన్న గ్లాసు అందుకుని టైము చూశాడు. ఆరున్నర దాటింది. "వద్దులే, నిద్ర పట్టదు" అని పక్కన పెట్టేశాడు.